వాలు మీద బండి

మా కారు ఎక్కాలంటే ముందు దాని మర్యాదలు తెలియాలి. డ్రైవరు పక్క తలుపు బయటినుంచి తెరుచుకోదు. వెనక కిటికీలోంచి చెయ్యి పోనిచ్చి లోపలి గొళ్ళెం లాగాలి. ఎడమవైపు అద్దం జారిపోకుండా మడిచిన అట్టముక్క దోపి ఉంటుంది. వాన వస్తే ఆ అట్ట తీసి, అద్దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి పైకి జరిపి, మళ్ళీ అట్ట దోపాలి. హారను బొత్తాం స్టీరింగు మీద పనిచెయ్యదు. గేరు పక్కన బిగించిన కాలింగు బెల్లు స్విచ్చి నొక్కితే మోగుతుంది. ఇవన్నీ మా ఆయన చేసిన ఏర్పాట్లు. ఏదైనా పాడైతే ఎందుకు పాడైందని ఆయన అడగడు. పాడైనదానితో ఎలా నడుపుకోవాలో చూస్తాడు.

బ్రేకు సంగతి వేరే చెప్పాలి. మొదటిసారి తొక్కితే కాలు నేలదాకా పోతుంది. వెంటనే రెండోసారి తొక్కాలి, అప్పుడు పట్టుకుంటుంది. వదిలేస్తే బండి ఎడమకి పోతుంది కాబట్టి స్టీరింగు ఎప్పుడూ కాస్త కుడికి తిప్పి పట్టుకుని ఉండాలి. హ్యాండ్ బ్రేకు ఉంది గాని, అది పెళ్ళిలో తోడిపెళ్ళికొడుకులాంటిది, ఉండాలి కాబట్టి ఉంది. మా ఇల్లు వాలు మీద ఉంది. గేటు తియ్యాలంటే బండి వాలు మీదే ఆగాలి. ఆగగానే ఒకరు దిగి వెనక చక్రం కింద ఇటుక పెట్టాలి. ఆ ఒకరు నేను. గొడుగు ఒక చేత్తో, ఇటుక ఒక చేత్తో పట్టుకుని దిగడం నాకు ఎంత అలవాటైందంటే, ఆటో ఎక్కినా వాలు వస్తే కాళ్ళు సర్దుకునేదాన్ని.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. వానలతోపాటు మా ఆడపడుచు డ్రైవింగు కూడా వచ్చింది.

మా ఆడపడుచుని ఇంట్లో అందరం ఆవగింజ అంటాం. మనిషి చిన్నది, వేడి తగిలితే చిటపటమంటుంది. పెద్దాసుపత్రిలో నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి నర్సులే కారులో వెళ్ళి కట్లు మార్చి రావాలని ఆ ఆసుపత్రివాళ్ళు కొత్తగా ఒక పని మొదలుపెట్టబోతున్నారు. వానాకాలం అయ్యేలోగా లైసెన్సు తెచ్చి చూపిస్తే ఆ పని నీదేనని హెడ్ నర్సు ఆవగింజతో చెప్పింది. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"వార్డు మానేసి ఊరంతా తిరగడానికి అంత సరదా ఏమిటే?" అని అడిగాను.

"తిరగడానికి కాదు వదినా. కాలి పుండు తగ్గించి ఇంటికి పంపిస్తాం. కొన్నాళ్ళకి అదే మనిషి, అదే కాలు, అదే పుండు. ఇంట్లో ఏం చేస్తున్నాడు? మంచం ఎటువైపు వేసుకున్నాడు, ఏ గడప తగులుతోంది? వార్డులో కూర్చుంటే జన్మకి తెలీదు. ఒక్కసారి వెళ్ళి చూడాలని ఉంది."

ఆ మాట నాకు నచ్చింది. డ్రైవింగు స్కూల్లో చేరమన్నాను. మా ఆయనకి పౌరుషం వచ్చింది.

"ఇంట్లో బండి పెట్టుకుని ఎవడి దగ్గరో నేర్చుకోవడమా? ఈ బండి నడిపినవాళ్ళు విమానమైనా నడుపుతారు" అన్నాడు.

ఆవగింజ డ్యూటీ లేని రోజుల్లో పాఠాలు మొదలయ్యాయి. నేను వెనక సీట్లో ఇటుకతో కూర్చునేదాన్ని.

"తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు."

"ఒకసారికి ఆగదా అన్నయ్యా?"

"ఆగుతుంది, ఎదర ఏదైనా అడ్డం ఉంటే."

"మరి స్టీరింగు ఇలా వంకరగా పట్టుకుని ఎన్నాళ్ళు?"

"వంకరగా పట్టుకుంటేనే బండి తిన్నగా పోతుంది. సంసారంలాగే."

"వెనక మా వదిన ఉంది, వింటోంది."

"వినాలనే అన్నాను."

ఆవగింజ తొందరగానే నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే కొన్ని వారాలకి ఆ పిల్ల కాలు దానంతట అదే రెండుసార్లు తొక్కేది, చెయ్యి దానంతట అదే కుడికి వాలేది. మా ఆయన మురిసిపోయాడు. అదే మా కొంప ముంచింది.

పరీక్ష రోజు అత్తయ్యని కూడా రమ్మన్నాం. "నాకు ఆ పెట్రోలు వాసన పడదు, మీరు వెళ్ళిరండి" అంది ఎప్పటిలాగే. ఆవిడ మా కారు ఎక్కి చాలా ఏళ్ళయింది. ఎక్కడికైనా ఆటోలోనే వెళుతుంది.

పరీక్షకి ఆఫీసువాళ్ళ కారే ఇస్తారు. తెల్లది, కొత్తది. మైదానం పక్క రేకుల షెడ్డు కింద నేనూ మా ఆయనా నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు పొడుగు మనిషి, మోకాళ్ళు మడుచుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవగింజ వెళ్ళి శ్రద్ధగా వెనక కిటికీలోకి చెయ్యి పెట్టబోయింది. అద్దం మూసి ఉంది. కిటికీ మీద తడిమింది. ఇన్‌స్పెక్టరు లోపలినుంచి తలుపు తీశాడు.

బండి కదిలింది. కదిలిన వెంటనే కుడివైపుకి నడిచి, గీత దాటి, పాతిన కర్రల్ని పలకరించింది. ఆవగింజ బ్రేకు తొక్కింది. కొత్త బండి మొదటి తొక్కుకే పట్టుకుంది. రెండో తొక్కుకి ఇన్‌స్పెక్టరు ఒళ్ళో ఉన్న అట్ట, కాగితాలు, పెన్ను అన్నీ ముందుకెళ్ళిపోయాయి.

"ఇది మంచి బ్రేకు" అని మెల్లగా అన్నాడు మా ఆయన.

చివరికి వాలు దగ్గరికి వచ్చారు. సగంలో ఆపి మళ్ళీ ఎక్కించాలి. బండి ఆగింది. ఆగి అలాగే ఉంది. లోపల ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇన్‌స్పెక్టరు తల కిటికీలోంచి బయటికి వచ్చింది, వెనక చక్రం వైపు చూసింది, తర్వాత మా షెడ్డు వైపు చూసింది.

ఆవగింజ ఏమందో తర్వాత తెలిసింది. "సార్, ఒకసారి దిగి ఇటుక పెట్టండి."

"ఎవరమ్మా నేర్పింది?" అని అడిగాడట ఆయన. ఆ పిల్ల మా వైపు చెయ్యి చూపించింది. మా ఆయన వాన వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టరు నడిచి వచ్చాడు. "మీరేం చేస్తుంటారు?"

"కళ్ళజోళ్ళ దుకాణమండీ."

"దేవుడి దయవల్ల నాకింకా సైటు రాలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వానాకాలం చివర్లో ఇంకొక్క పరీక్ష ఉందని, అప్పటికైనా కారు నడపడం నేర్చుకుని రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవగింజ మొదట నవ్వింది. ఇటుక మాట చెప్పి చెప్పి నవ్వింది. మా వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"నేను కారు నేర్చుకోలేదు వదినా. ఈ కారు నేర్చుకున్నాను" అంది.

మర్నాడు దుకాణంలో ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. మా దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం మా ఆయన పని. ఫ్రేము ముక్కు మీద సరిగా నిలిచేలా వంచడం నా పని. ఆవిడ జోడు పెట్టుకుని మెడ పక్కకి వంచి అక్షరాల అట్ట చదువుతోంది.

"అమ్మా, తల నిటారుగా పెట్టండి" అన్నాడు మా ఆయన. "పాత అద్దాల్లోంచి మెడ వంచి చూడ్డం అలవాటైపోయింది మీకు. అద్దాలు నేను మార్చాను. మెడ మీరే మార్చుకోవాలి."

ఆవిడ మెడ నిటారుగా పెట్టింది, చదివింది, నవ్వుకుంటూ వెళ్ళింది.

"ఆవగింజ మెడ ఎవరు మార్చాలి?" అన్నాను.

ఆయన అద్దం తుడుస్తున్న గుడ్డ ఆపాడు. అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"బండి నడుస్తోందిగా" అన్నాడు.

"ఎడమకి ఎందుకు పోతుందండీ?"

"దాని స్వభావం అంతే."

"స్వభావం మనుషులకుంటుంది. ఇనుముకి కారణం ఉంటుంది."

"నడుస్తున్న బండిని కెలక్కూడదు" అని ఆయన మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దాన్ని తీసి అవతల పెట్టే మనిషి ఆయన. అదే మనిషి కారుకి అట్టముక్క దోపుతాడు. ఇన్నేళ్ళూ నాకది వింతగా తోచలేదు. ఆ పూట తోచింది. నిజం చెప్పాలంటే ఆవగింజ ఉద్యోగం సంగతి అటుంచి, ఆ ఎడమవైపు ఏముందో చూడాలన్న కుతూహలం నన్ను పట్టుకుంది.

సాయంత్రం ఇంటికి రాగానే ఆవగింజకి చెప్పాను. ఆ పిల్ల కారు చుట్టూ తిరిగి ఒక్కో చక్రం మీదా అరచెయ్యి ఆనించి చూసింది, వార్డులో నుదుళ్ళు చూసినట్టే.

"వెనక ఎడమదానికి జ్వరం" అంది.

నేనూ చెయ్యి పెట్టాను. మిగిలిన మూడూ వానకి చల్లగా ఉన్నాయి. అది కాలుతోంది.

మా ఆయన కూడా వచ్చి ముట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నం తినేటప్పుడు "ఆదివారం వాన లేకపోతే చూద్దాం" అన్నాడు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. గేటు లోపల చదునుగా ఉన్న చోట బండి పెట్టి, ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టి, జాకీతో వెనక భాగం లేపాడు. అత్తయ్య వరండాలో కుర్చీ వేసుకుని పాత దుప్పటి కుట్లు విప్పుతోంది.

కుడి చక్రాన్ని నేను చేత్తో తిప్పాను. గిర్రున తిరిగింది. ఎడమదాన్ని తిప్పాను. గరగరమని, సగం చుట్టు కూడా పూర్తికాకుండా ఆగింది. ఇన్నాళ్ళూ ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ తిరిగామన్నమాట. నాకు ఎందుకో ఆ క్షణం చాలా సంతోషం వేసింది. రోగం దొరికితే ఆవగింజకి ఎందుకంత ఉత్సాహమో తెలిసింది.

ఎడమ చక్రం ఊడదీసి, దాని వెనక గిన్నె బోర్లించినట్టున్న డ్రమ్మును చెక్కసుత్తితో చుట్టూ తట్టి తట్టి లాగాడు. నల్లటి పొడి రాలింది. లోపల రెండు వంకీ ముక్కలు, బ్రేకు షూలు. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయట. వాటి మీద రాసుకుని పట్టే పొర అరిగిపోయి, కాలి, గాజులా నున్నగా మెరుస్తోంది. కుడివైపు విప్పితే అక్కడ ఆ పొర మందంగానే ఉంది, గాని షూలు డ్రమ్ముకి అందనంత దూరంలో ఉన్నాయి. వాటిని దగ్గరకీ దూరానికీ జరపడానికి మధ్యలో ఒక చిన్న పళ్ళచక్రం ఉంది. అది చివరికంటా వదులు చేసి ఉంది.

"దీన్నెవరు వదులు చేశారు?" అంది ఆవగింజ.

"నేనే" అన్నాడు మా ఆయన.

"ఎందుకు?"

"చక్రాలు వేడెక్కి కాలిన వాసన వచ్చేది. వదులు చేశాను."

"ఎడమది చెయ్యలేదేం?" అన్నాను నేను.

"తుప్పు పట్టి తిరగలేదు. ఒకటి తిరిగింది చాల్లే అనుకున్నాను."

మేం ముగ్గురం కాసేపు ఆ రెండు డ్రమ్ముల వైపూ చూశాం. ఒకటి వదిలేసింది కాబట్టి రెండుసార్లు తొక్కాలి. ఇంకొకటి పట్టేసింది కాబట్టి బండి ఎడమకి పోతుంది. ఒకటి అందక, ఇంకొకటి అరిగిపోయి హ్యాండ్ బ్రేకు నిలవదు, కాబట్టి నేను ఇటుకతో దిగుతాను. పుండు ఒకచోట, మందు ఒకచోట.

"అసలు వేడెక్కడం ఎందుకు మొదలైంది?" అని అడిగాను.

"హ్యాండ్ బ్రేకు తీగ బిగించాను. ఎక్కువ బిగిసినట్టుంది."

"ఎందుకు బిగించారు?"

ఆయన కిందపడ్డ స్ప్రింగు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"అడిగేది నిన్నే అన్నయ్యా. తీగ ఎందుకు బిగించావు?"

వరండాలోంచి అత్తయ్య అంది. "నేను వెనక సీట్లో ఉన్నాను కాబట్టి."

మేం అటు తిరిగాం. ఆవిడ కుట్లు విప్పుతూనే ఉంది.

"నువ్వు నిద్రపోతున్నావు" అన్నాడు మా ఆయన.

"లేదు. నువ్వు గేటు తియ్యడానికి దిగావు. బండి వెనక్కి జారింది. జారి జారి ఎదురింటి అరుగుకి ఆనుకుని ఆగింది. నువ్వు పరిగెత్తుకొస్తుంటే చూసి కళ్ళు మూసుకున్నాను."

ఆ సంగతి నాకు తెలియదు. ఆవగింజకీ తెలియదు. మా ఆయన స్ప్రింగు తుడుస్తూనే అన్నాడు, "బ్రేకు వేశానమ్మా. తీగ సాగిపోయింది. అందుకే బిగించాను."

"బ్రేకు లాగితే కిర్రుమంటుంది నాయనా. ఆ రోజు కిర్రుమనలేదు. హడావిడిలో దిగిపోయావు."

కొండను తవ్వి ఎలకను పట్టారంటారు. మాకు ఎలక కూడా దొరకలేదు. మొదట్లో బండికి ఏ రోగమూ లేదు. లేని రోగానికి మందు వేశాం, ఆ మందుకి విరుగుడు వేశాం, విరుగుడికి ఇటుక పెట్టాం.

"మరి అప్పుడే చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను.

"చెబితే వీడు మళ్ళీ స్టీరింగు ముట్టుకుంటాడా? నా కొడుకు నాకు తెలీదూ. తప్పు బండిదనుకుంటే బండిని బాగుచేసుకుంటాడులే అనుకున్నాను." దారం కొరికి పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళూ బాగుచేస్తూనే ఉంటాడనుకోలేదు."

ఆ తర్వాత ఆకాశం వైపు చూసి, "చినుకులు పడుతున్నాయి. సామాను తడుస్తోంది చూసుకోండి" అంది.

మా ఆయన తుప్పుపట్టిన పళ్ళచక్రాన్ని కిరసనాయిలు డబ్బాలో వేశాడు. పుల్లతో దాన్ని కదిపి చూస్తూ వాన పెరిగేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆవగింజ గొడుగు తెచ్చి ఆయన మీద పట్టింది.

సోమవారం ఆయన బస్సులో దుకాణానికి వెళ్ళాడు. మధ్యలో తనే వెళ్ళి కొత్త షూలు తెచ్చాడు. ఆ విడిభాగాల కొట్టతను, "ఈ మోడలు ఇంకా తిరుగుతోందా?" అన్నాడట. "తిరగట్లేదనే వచ్చాను" అన్నాడట ఈయన. అంతవరకే చెప్పాడు. ఆ వారమంతా ఆయన మాటలు అలా పొదుపుగానే ఉన్నాయి.

బిగించడం మాత్రం చూడవలసిందే. స్ప్రింగుల్ని దుకాణానికి పట్టుకొచ్చి, కళ్ళజోళ్ళు పెట్టే మెత్తటి గుడ్డ మీద వరసగా పేర్చి, కంటికి భూతద్దం తగిలించుకుని ఒక్కొక్కటీ శుభ్రం చేశాడు. లోపలికొచ్చిన మనిషి అవి చూసి, "ఇవేం కళ్ళజోళ్ళండీ?" అన్నాడు. కారుకి సైటు వచ్చిందని చెప్పాను.

తర్వాతి ఆదివారం షూలు ఎక్కించాడు. ఈసారి తీగ జోలికి ముందు పోలేదు. తీగ పూర్తిగా వదిలేసి, పళ్ళచక్రం కొంచెం కొంచెం తిప్పుతూ, ప్రతిసారీ చక్రాన్ని చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాడు. లోపల సన్నగా రాసుకున్న చప్పుడు వచ్చాక ఆపి, చిటికెడు వెనక్కి తిప్పాడు. రెండు వైపులా ఒకేలా తిరిగాయి. అప్పుడు తీగ బిగించాడు. గోటితో పోయేదానికి ఇన్నేళ్ళు గొడ్డలి వాడామని అనబోయి ఊరుకున్నాను. ఆయన మొహం చూస్తే అనాలనిపించలేదు.

బండి బాగైంది. ఇప్పుడు దాన్ని నడిపేవాళ్ళు లేరు. ఆవగింజ మొదటిరోజు గేటు దాటగానే కుడికి పోయి ఎదురింటివాళ్ళ పూలకుండీల ముందు ఆగింది. రెండు తొక్కులకి నా ముక్కు ముందు సీటుకి కొట్టుకుంది.

"బండి బాగైంది గాని మనం బాగవ్వాలి" అంది ముక్కు చూస్తూ. "రక్తం లేదులే వదినా."

మా ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు, లైసెన్సు ఉన్నవాళ్ళు పక్కన ఉండాలి కాబట్టి. నువ్వొకసారి నడిపి చూపించు అన్నయ్యా అంటే, నువ్వే నడుపు అనేవాడు. దుకాణానికి బస్సులోనే పోతున్నాడు. వాన పడుతున్నా నేను కూడా బస్సులోనే. అత్తయ్య భయపడిందే జరిగింది. ఆవిడ దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆవగింజ పాఠాల్లో మాత్రం వేలు పెట్టింది.

వాలు మీద బండి ఎక్కించడం, ఆపడం, మళ్ళీ ఎక్కించడం. ఇదే రోజూ సాధన. అత్తయ్య వరండా చివరికి కుర్చీ జరుపుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా అక్కడినుంచి "ఒక్కసారే" అని కేకవేసేది. ఆవగింజ హ్యాండ్ బ్రేకు లాగినప్పుడల్లా, ఆ కిర్రుమన్న చప్పుడుకి, కథ వింటున్నట్టు ఊఁ కొట్టేది. కొన్నాళ్ళకి ఎదురింటి పిల్లలు కూడా ఊఁ కొట్టడం మొదలుపెట్టారు.

"అమ్మా, నువ్వు ఆసుపత్రి కారులో కూడా నాతో రావాలేమో. నీ ఊఁ లేకపోతే బండి ఆగదు" అని విసుక్కుంది ఆవగింజ.

"ముందు లైసెన్సు రానీ" అంది అత్తయ్య.

వానలు వెనకబట్టాయి. రెండో పరీక్ష రోజు పొద్దున్న మేం బయల్దేరుతుంటే అత్తయ్య చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"నీకు పెట్రోలు వాసన పడదుగా" అంది ఆవగింజ.

"ముక్కు కూడా ముసలిదైంది. దానికిప్పుడేమీ తెలియట్లేదు."

వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా కిటికీ వదల్లేదు. ఆ బట్టలకొట్టు ఎప్పుడు మూసేశారు, ఈ మేడ ఎవరిది, ఆ చెట్టు ఎందుకు కొట్టేశారు, ఇక్కడ మలుపు ఉండేది కదా. ఆటోలో ఈ వైపు ఎన్నోసార్లు వచ్చిందే. ఆటోలో తల వంచుకుని కూర్చుంటే ఏమీ కనబడదంది. మా ఆయన ముందు సీట్లో ఉండి, అడిగినవాటికి మెల్లగా జవాబులు చెప్పాడు. ఆయన కుడికాలు మాత్రం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది, రెండేసి సార్లు.

ఇన్‌స్పెక్టరు ఆవగింజని గుర్తుపట్టాడు. అట్టా కాగితాలూ ఈసారి సంచిలో పెట్టుకుని ఎక్కాడు.

బండి తిన్నగా పోయింది. కర్రల మధ్యనుంచి దేన్నీ పలకరించకుండా బయటికొచ్చింది. మా ఆయన షెడ్డు స్తంభానికి వీపు ఆనించి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎక్కడున్నారు?" అన్నాడు.

"వాలు దగ్గర."

"ఆపిందా?"

"ఆపింది."

"ఊఁ?"

"ఇంకా ఆగే ఉంది."

"వెనక్కి?"

"లేదు. ఎక్కుతోంది."

ఆయన వెనక్కి తిరిగేసరికి తెల్ల కారు వాలు దాటి దిగుతోంది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం చేస్తూ, మంచి బళ్ళో నేర్చుకున్నట్టుంది ఈసారి అన్నాడట. అదే బండి సార్ అందట ఆవగింజ. అక్కడి కిళ్ళీ బంకులో ఫోనునుంచే హెడ్ నర్సుకి చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ చెప్పు మడమతో బురదలో గుంట చేస్తూనే ఉంది. సోమవారంనుంచి రమ్మన్నారు. మొట్టమొదట ఆ కాలి పుండు మనిషి ఇంటికే వెళతానని, గడప ఎత్తు కొలుస్తానని మాతో అంది.

బయల్దేరబోతూ తాళాలు తీసుకెళ్ళి అన్న చేతిలో పెట్టింది. "నాకు చేతులు వణుకుతున్నాయి. నువ్వే నడుపు" అంది. చూస్తే ఆ చేతులు వణకడం లేదు.

ఆయన తాళాల వైపు చూశాడు. వెనక సీట్లోకి చూశాడు. అత్తయ్య అప్పటికే కూర్చుని కిటికీ అద్దం కిందికి దింపే ప్రయత్నంలో ఉంది. ఆయన వెళ్ళి అట్టముక్క తీసి అద్దం దింపి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

మెల్లగా నడిపాడు. మొదట్లో కుడికి లాగాడు, సర్దుకున్నాడు. బస్సులు మమ్మల్ని దాటిపోయాయి. సైకిళ్ళు కూడా దాటిపోయాయి. మా వీధిలోకి తిరిగి వాలు ఎక్కి, గేటు ముందు ఆపాడు.

నేను దిగబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు కూర్చో. ఆవగింజా, నువ్వూ కూర్చో. వాడు తీస్తాడు గేటు."

ఆయన హ్యాండ్ బ్రేకు లాగాడు. కిర్రుమంది. కాసేపు దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. తర్వాత తీసి, తలుపు తెరుచుకుని దిగాడు. గేటుదాకా వెనక్కి చూడకుండా నడిచాడు. ఒక రెక్క తీశాడు, రెండో రెక్క తీశాడు. బండి ఉన్నచోటే ఉంది. నా మణికట్టు మీద అత్తయ్య వేళ్ళు కూడా ఉన్నచోటే ఉన్నాయి.

ఆయన వచ్చి కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నిద్రపోయావా అమ్మా?"

"లేదురా. చూస్తూనే ఉన్నాను. లోపలికి పోనీ."